నాలుగు నిమ్మకాయలు తొక్కించాం కదా, ఇంకా బెల్టెందుకు?

కొత్త కారు కొన్నాక మనోళ్ళు చేసే మొదటి పనేంటో అందరికీ తెలిసిందే. గుడికి తీసుకెళ్ళి, బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. నేనూ చేశాను. తప్పని అనట్లేదు. అమ్మ సంతోషం అమ్మది.

రెండో పని సీటు కవర్లు వేయించడం. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఆ షాపు కుర్రాడు వెనక సీటు బెల్టుల బకిల్స్ మూడింటినీ సీటు సందులోకి కుక్కేసి, పైన చక్కగా రెగ్జిన్ లాగి బిగించేస్తాడు. "ఇవెవరూ వాడరు సార్, కూర్చుంటే గుచ్చుకుంటాయి" అంటాడు. మనం "అవునవును" అని తలూపి, బేరమాడి ఓ ఐదొందలు తగ్గించుకుని, హుషారుగా ఇంటికొచ్చేస్తాం.

నా కారులో ఆ మూడు బకిల్సూ ఏడాదిన్నర పాటు అలా సమాధిలోనే ఉన్నాయి. వాటిని తవ్వి తీయడానికి ఆరు కుట్లు పడాల్సొచ్చింది. కవరుకి కాదు, మా మేనల్లుడి నుదుటికి.

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి విజయవాడ బయల్దేరాం. నేను డ్రైవింగ్, పక్కన బావ, వెనక అమ్మా అక్కా మా ఆవిడా. అక్క కొడుక్కి అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. వాడు ముందు సీట్లు రెండింటి మధ్యలో, రెండు చేతుల్తో రెండు సీట్లూ పట్టుకుని నిలబడ్డాడు. మనలో ఎంతమంది పిల్లలు కారులో ఇలా నిలబడి పెరగలేదు చెప్పండి! పంతంగి టోల్ దగ్గర గంట సేపు నరకం అనుభవించాం కాబట్టి, సూర్యాపేట దాటాక రోడ్డు కాస్త ఖాళీగా కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. అయినా నేనేం రేసులో వెళ్ళట్లేదు. ఓ ఊరొచ్చిందని యాభైకి తగ్గించాను కూడా. డివైడర్ సందులోంచి ఓ బండి అడ్డంగా వచ్చింది. బ్రేకు తొక్కాను. బండికి తగల్లేదు. కారుకి గీత కూడా పడలేదు. ఎవర్నీ గుద్దలేదు.

కానీ మావాడు ఎగిరెళ్ళి స్టీరియోకి గుద్దుకున్నాడు. కనుబొమ్మ పైన చీరుకుపోయింది. అక్క చీర కొంగంతా రక్తం.

దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో ఆరు కుట్లేశారు. దేవుడి దయవల్ల కంటికేం కాలేదు. ఆ సాయంత్రం ఇల్లు చేరాక తప్పెవరిదనే పంచాయితీ నడిచింది. బండోడిదన్నారు. రోడ్లేసినోళ్ళదన్నారు. అక్క వాళ్ళత్తగారు దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేశారు. నన్ను మాత్రం ఒక్కరూ ఏమీ అనలేదు. "నువ్వు టైముకి బ్రేకేశావు కాబట్టి సరిపోయింది రా" అని బావ భుజం తట్టాడు కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే తప్పెవరిదో నాకు తెలుసు. నేను ఇంజనీరింగ్ చదివాను. ఫస్టియర్లో న్యూటన్ సూత్రాల మీద పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కదిలే వస్తువు దాన్ని ఏదో ఒకటి ఆపేదాకా కదులుతూనే ఉంటుంది. కారుని బ్రేకు ఆపుతుంది. నన్ను బెల్టు ఆపింది. మావాణ్ణి స్టీరియో ఆపింది. అంతే. ఇందులో దిష్టీ లేదు, దేవుడూ లేడు.

సరే, సొంత కథ చాలు. అసలు విషయానికొద్దాం. ఈ విషయంలో మనం చెప్పే సాకులు నాకు కంఠతా వచ్చేశాయి. ఒక్కోటీ చూద్దాం.

"ఊళ్ళోనే కదా, నలభై యాభైలో పోతాం, ఏమవుతుంది?"

ఇది ఇంటర్మీడియట్ లెక్క. గంటకి 50 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఈ వేగంతో కదిలే మనిషిలో ఉండే శక్తి, పది మీటర్ల ఎత్తు నుంచి కిందపడితే వచ్చేంత. అంటే సుమారు మూడంతస్తులు. నలభైలో అయితే ఆరు మీటర్ల పైచిలుకు, రెండంతస్తులు. హైవే మీద ఎనభై అంటే పాతిక మీటర్లు, ఎనిమిదంతస్తుల అపార్టుమెంటు.

మన అపార్టుమెంటు మూడో అంతస్తులో, గ్రిల్లు లేని బాల్కనీ పిట్టగోడ మీద పిల్లాణ్ణి నిలబెడతామా? చూసిన వాచ్‌మన్ కూడా తిడతాడు. అదే పిల్లాణ్ణి యాభైలో పోయే కారులో సీట్ల మధ్య నిలబెడితే "ఎంత హుషారు వెధవో" అని ముద్దు చేస్తాం.

"ఒళ్ళో ఉందిగా, నేను పట్టుకుంటాగా!"

అన్నిట్లోకీ ప్రమాదకరమైన సాకు ఇదే. ఎందుకంటే ఇది ప్రేమతో చెప్పేది. మా అత్తగారు ఇదే అన్నారు, మా అమ్మా ఇదే అంది. తల్లి చేతుల్ని మించిన రక్షణ ఉంటుందా అని.

ఉంటుందమ్మా. లెక్క చూడండి. పది కిలోల పాప. కారు యాభైలో పోతూ దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయింది. ఆ క్షణంలో పాపని పట్టుకోవాలంటే దాదాపు 140 కిలోల బరువుని ఆపేంత బలం కావాలి. బియ్యం బస్తాలు ఐదు, పైగా ఇంకో పదిహేను కిలోలు. అవి మీ చేతుల్లోంచి ఒక్కసారిగా ఎవరో లాగుతుంటే ఆపగలరా? ఇక్కడ ప్రేమ తక్కువని కాదు, చేతులకి అంత బలం ఉండదు. పైగా ఆ తల్లి కూడా బెల్టు పెట్టుకోలేదు కదా, ఆవిడా ముందుకే వస్తుంది. అప్పుడు పాపకి ముందు డాష్‌బోర్డు, వెనక అరవై కిలోల తల్లి. మధ్యలో పాప మెత్తటి దిండు. రాయడానికే చెయ్యి రావట్లేదు గానీ, జరిగేది ఇదే.

పోనీ ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే? ఇంకా ఘోరం. తల్లి బరువంతా పాపనే బెల్టుకేసి నొక్కుతుంది.

"వెనక సీట్లో వాళ్ళకి బెల్టెందుకు?"

4 సెప్టెంబర్ 2022. సైరస్ మిస్త్రీ. టాటా సన్స్ మాజీ చైర్మన్. మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద ఆయన కారు ప్రమాదానికి గురైంది. చిన్నా చితకా కారు కాదు, మెర్సిడెస్. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ తీవ్రంగా గాయపడినా బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. వెనక ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఇంకేం ఉదాహరణ కావాలి?

మనకి దగ్గర్లోది చెప్పమంటే, 29 ఆగస్టు 2018. నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ. ఆయనే స్వయంగా నడుపుతున్నారు. బెల్టు లేదనీ, కారులోంచి బయటకి విసిరేసినట్టు పడ్డారనీ పేపర్లన్నీ రాశాయి. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 డిసెంబర్లో, ఆయన పెద్దకొడుకు జానకిరామ్ కూడా ఆ జిల్లాలోనే కారు ప్రమాదంలో పోయారు. జూనియర్ ఎన్టీఆర్ ప్రతి ఫంక్షన్లోనూ "జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళండి" అని అభిమానుల్ని బతిమాలేది ఊరికే కాదు. మనం దానికి ఈలలేసి, బయటకొచ్చి, బెల్టు లేకుండా కారెక్కి వెళ్ళిపోతాం.

ఇంకో సంగతి. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే చచ్చేది వాళ్ళొక్కరే కాదు. 2002లో లాన్సెట్ పత్రికలో జపాన్ ప్రమాదాల మీద ఒక అధ్యయనం వచ్చింది. వెనక సీటులో బెల్టు లేని మనిషి ఉంటే, ముందు సీటులో బెల్టు పెట్టుకున్నవాళ్ళకి కూడా చావు ప్రమాదం దాదాపు ఐదు రెట్లు పెరిగిందని అందులో తేల్చారు. అర్థమైంది కదా? వెనక డెబ్భై కిలోల బావమరిది ఒక బస్తాలాగా వచ్చి మీ సీటుని గుద్దుతాడు. కాబట్టి "నా ప్రాణం నా ఇష్టం" అనే డైలాగు వెనక సీటులో చెల్లదు. మీ బెల్టు నా ప్రాణం కోసం కూడా.

"మాది టాప్ మోడల్, ఆరు ఎయిర్‌బ్యాగులు."

ఎయిర్‌బ్యాగు దగ్గర ఎస్.ఆర్.ఎస్. అని రాసుంటుంది చూడండి. మొదటి ఎస్ అంటే సప్లిమెంటల్. అంటే బెల్టుకి తోడు, బెల్టుకి బదులు కాదు. అది కన్నార్పేలోపే, రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో విచ్చుకుంటుంది. బెల్టు మిమ్మల్ని సీటుకి పట్టి ఉంచితేనే అది మిమ్మల్ని ఆదుకునేది. బెల్టు లేకుండా అప్పటికే ముందుకి వచ్చేసిన మొహానికి అది మెత్తటి దిండు కాదు, గుద్దు. ఇక ముందు సీటులో ఒళ్ళో పాప ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే, ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న సీటు ముందు వెనక్కి తిరిగుండే పిల్లల సీటు ఎప్పుడూ పెట్టకూడదని సన్‌వైజర్ మీద బొమ్మేసి మరీ హెచ్చరిక అంటిస్తారు. మనం ఆ స్టిక్కర్ అందంగా లేదని పీకేస్తాం.

"కారు తగలబడితే, చెరువులో పడితే బెల్టు తీసుకుని బయటకి రాలేం."

ఇది తెలివైనవాళ్ళ సాకు. జరిగే ప్రమాదాల్లో మంటలూ నీళ్ళూ చాలా అరుదు. అవి జరిగినా సరే, బయటకి రావాలంటే ముందు స్పృహలో ఉండాలి కదా! తల పగిలి సోయ లేకుండా పడున్నవాడికి బెల్టు లేకపోతే మాత్రం ఏం లాభం? బకిల్ నొక్కడానికి ఒక సెకను పడుతుంది. సందేహముంటే ఇప్పుడే కారులో కూర్చుని చూసుకోండి. (కవర్ల కింద నుంచి బకిల్ తవ్వడానికి పట్టే టైము లెక్కలోకి రాదు :))

"రాసిపెట్టి ఉంటే ఎవరాపుతారు?"

ఈ మాటన్న పెద్దమనిషి ఇంటికి తాళం వేస్తాడు. బీపీ మాత్ర వేసుకుంటాడు. ఎల్ఐసీ కడతాడు. తలరాత మీద నమ్మకం ఒక్క కారెక్కినప్పుడే ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో సీటు బెల్టు పెట్టుకోనివాళ్ళు 16,715 మంది. అందులో సగం మంది, 8,331 మంది, డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. మొత్తం మీద రోజుకి సగటున దాదాపు నలభై ఆరు మంది. అందరికీ ఒకే రాత రాసిన దేవుడెవరో గానీ, ఆ చేతిరాత మన చేతిరాతలాగే ఉంది.

ముందు సీటులో బెల్టు పెట్టుకుంటే చనిపోయే ప్రమాదం 45 నుంచి 50 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పిల్లల సీట్లు సరిగ్గా వాడితే పిల్లల మరణాలు కనీసం 60 శాతం తగ్గుతాయట. ఒక మందు బిళ్ళ ఇంత పనిచేస్తే మనం దాన్ని ఫ్రిజ్‌లో దాచుకునేవాళ్ళం.

ఇక నాకు అన్నిట్లోకీ ఒళ్ళు మండించే విషయం చెప్తాను. మన ఎన్నారైలు.

మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి కారు సీటు తీసుకెళ్ళి, దాన్లో పెట్టుకునే ఇంటికి తెచ్చుకున్నారు. టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళు నిండేదాకా, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు దాటితే తప్ప, పిల్లలకి సీటు తప్పనిసరి. అన్నయ్య అక్కడ పాలకోసం రెండు వీధుల అవతలికెళ్ళినా ఇద్దరు పిల్లల్నీ సీట్లలో కట్టి గానీ కారు కదపడు. ఫోటోలు కూడా పెడతాడు.

పోయిన డిసెంబర్లో వచ్చారు. శంషాబాద్‌కి నేనే కారేసుకుని వెళ్ళాను. నా కారులో ఇప్పుడు మా పాప సీటు ఒకటి బిగించే ఉంటుంది. వాళ్ళ చిన్నదానికి అది సరిపోతుంది, ఐదేళ్ళ పెద్దదానికి బూస్టర్ ఒకటి స్నేహితుణ్ణడిగి తెచ్చి పెట్టాను. అన్నయ్య చూసి నవ్వాడు. "ఇదంతా ఎందుకురా, ఇండియానే కదా! లగేజీ పట్టదు, తీసి డిక్కీలో పడెయ్" అన్నాడు. వదిన కూడా "పర్లేదు బాబూ, నేను ఒళ్ళో పెట్టుకుంటాలే" అంది.

ఇండియానే కదా!

అంటే ఏంటండీ దీనర్థం? ఇక్కడ గురుత్వాకర్షణ తక్కువా? డల్లాస్‌లో పిల్లల ఎముకలు మెత్తగా ఉండి, ఔటర్ రింగ్ రోడ్డెక్కగానే గట్టిపడతాయా? అసలు చెప్పాలంటే ప్రమాదం ఎక్కువున్నది ఇక్కడ కదా, అక్కడికంటే ఇక్కడే రెండు బెల్టులు ఎక్కువ కట్టాలి. అంటే అక్కడ కట్టింది పిల్లల కోసం కాదన్నమాట. టికెట్ కోసం. పోలీసు జరిమానా వేస్తాడని. అక్కడి చట్టానికి భయపడ్డాం తప్ప, ఆ చట్టం ఎందుకుందో ఒక్కరోజూ ఆలోచించలేదు. మనలో చాలామందికి బెల్టు అనేది హెల్మెట్‌లాగే చలాన్ నివారణ యంత్రం.

నేను వాదన పెట్టుకునేలోపే పెద్దది కారు తలుపు దగ్గర నిలబడి "డాడీ, నా సీటేది?" అంది. దాన్ని ఒళ్ళో కూర్చోమంటే కూర్చోనంది. బెల్టు పెడితేనే ఎక్కుతానంది. ఐదేళ్ళ పిల్ల! ఆ పిల్లకి తెలిసింది ఇరవై ఏళ్ళు చదువుకున్న మనకి తెలియకపోయింది. ఒక సూట్‌కేసు క్యాబ్‌లో వచ్చింది, పిల్లలిద్దరూ సీట్లలో వచ్చారు.

మరి ఇక్కడ చట్టం లేదా అంటే, ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి 194బి అనే సెక్షను పెట్టారు. ఆ సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయలు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయలు. మీరెప్పుడైనా పిల్లల సీటు లేదని చలాన్ పడినవాణ్ణి చూశారా? నేను చూళ్ళేదు. కెమెరాకి ముందు అద్దం లోంచి కనిపించేది డ్రైవరూ, పక్కనున్నవాడూ. వెనక సీటు ఎవరికీ అక్కర్లేదు.

పెద్దల సంగతి ఇంకా బావుంటుంది. మిస్త్రీ పోయిన తర్వాత మంత్రి గడ్కరీ గారు ఒక సభలో చెప్పారు. తను నలుగురు ముఖ్యమంత్రుల కార్లలో ముందు సీటులో కూర్చున్నాననీ, బెల్టు పెట్టుకోకపోయినా మోత రాకుండా బకిల్‌లో క్లిప్పులు గుచ్చి ఉన్నాయనీ. పేర్లడగొద్దన్నారు. ఆ క్లిప్పుల్ని మనం కూడా ఆన్‌లైన్‌లో కొనుక్కున్నాం. చివరికి 2023 మేలో వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఈ-కామర్స్ కంపెనీలకి ఆదేశాలిస్తే పదమూడు వేల పైచిలుకు లిస్టింగులు తీసేశారు. పదమూడు వేలు! మా ప్రొఫెషన్‌లో టెస్ట్ ఫెయిలైతే కోడ్ సరిచేయకుండా ఆ టెస్టునే కామెంట్ చేసేసే మహానుభావులుంటారు. రిలీజు రోజు రాత్రి వాళ్ళ బతుకు చూడాలి. ఈ క్లిప్పు కూడా అంతే. తేడా ఏంటంటే, ఇక్కడ పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే సౌకర్యం లేదు.

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు పనికొచ్చే ముక్క. బెల్టు పెట్టుకోవడం వేరు, సరిగ్గా పెట్టుకోవడం వేరు.

పెద్దవాళ్ళకి: కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పొట్ట మీదుంటే లోపలి అవయవాలు నలుగుతాయి. పై పట్టీ మెడకి రాసుకోకుండా భుజం మధ్యలోంచి ఛాతీ మీదుగా రావాలి. ఒరుసుకుంటోందని చంక కిందనుంచి తీసుకోవద్దు, పక్కటెముకలు పోతాయి. సీటు వెనక్కి వాల్చి పడుకుని బెల్టు పెట్టుకుంటే, గుద్దినప్పుడు బెల్టు కిందనుంచి జారిపోతారు. గర్భిణీలు బెల్టు మానేయకూడదు. కింది పట్టీ పొట్ట కిందుగా, పై పట్టీ పొట్ట పక్కనుంచి ఛాతీ మధ్యలోకి రావాలి.

పసిపిల్లలకి: సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అంటే పాప మొహం కారు వెనక అద్దం వైపుండాలి. పసిపిల్లల తల శరీరంతో పోలిస్తే చాలా పెద్దది, మెడ లేతది. ముందుకి తిరిగి కూర్చుంటే గుద్దినప్పుడు ఆ తల బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగుంటే తలా మెడా వీపూ అన్నీ కలిపి సీటే మోస్తుంది. ఏడాది నిండింది కదా అని ముందుకి తిప్పేయొద్దు. ఆ సీటు ఎంత బరువు వరకూ, ఎంత ఎత్తు వరకూ ఒప్పుకుంటే అంతదాకా వెనక్కే ఉంచమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్తోంది. స్వీడన్‌లో నాలుగేళ్ళదాకా ఉంచుతారు.

బిగింపు: సీటుని బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ లాగి చూడండి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే బిగింపు చాలనట్టు. పాప భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లి చూడండి. మడత చేతికి దొరికితే వదులుగా ఉన్నట్టు. మందపాటి స్వెట్టర్లేసి కట్టొద్దు, పట్టీ బిగుసుకున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల ఖాళీ ఉంటుంది. మీ కారు వెనక సీటు సందులో చెయ్యి పెట్టి చూడండి, గట్టి ఇనప కడ్డీలు తగిలితే అవి ఐసోఫిక్స్ కొక్కేలు. సీటు వాటికే తగిలించుకోవచ్చు. చాలామందికి తమ కారులో అవి ఉన్నాయనే తెలీదు.

కొంచెం పెద్ద పిల్లలకి: పెద్దల బెల్టు మెడ మీదకొస్తోందంటే ఇంకా బూస్టర్ కావాలని. వీపు సీటుకి ఆనించి కూర్చుంటే మోకాళ్ళు సీటు అంచు దగ్గర మడత పడాలి, బెల్టు భుజం మీదుండాలి. అప్పుడే మామూలు సీటుకి ప్రమోషన్. ఒకసారి పెద్ద ప్రమాదం చూసిన సీటుని, ఎవరు వాడారో తెలియని సెకండ్ హ్యాండ్ సీటుని వాడొద్దు.

ఖరీదంటారా? మామూలు సీటు ఆరేడు వేల నుంచి దొరుకుతుంది. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. కానీ నా సీటు కవర్లు పన్నెండు వేలు. ఆ గుచ్చుకునే బకిల్స్ దాచడానికి పన్నెండు వేలు పెట్టిన నేను, ధర గురించి మాట్లాడే అర్హత పోగొట్టుకున్నాను.

"పాప ఏడుస్తుంది" అన్నది చివరి సాకు. నిజమే, ఏడుస్తుంది. మా పాప మొదటి వారం ఇంటి నుంచి కూకట్‌పల్లి దాకా ఏడ్చింది. వెనక నుంచి మా అత్తగారు "ఎందుకు బాబూ పసిదాన్ని అలా కట్టేస్తావు, ఖైదీలాగా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఒకరోజు పక్కకి ఆపి, తీసి ఆవిడ ఒళ్ళో పెట్టేద్దామా అని నాకే అనిపించింది. అప్పుడు మేనల్లుడి కనుబొమ్మ గుర్తొచ్చింది. ఆపలేదు. పోలియో చుక్కలకీ ఏడ్చింది, టీకాలకీ ఏడ్చింది, అవి మానేశామా? రెండు వారాలకి అలవాటైపోయింది. ఇప్పుడు సీటెక్కగానే నిద్రపోతుంది. మా అత్తగారు ఈ మధ్య పక్కింటావిడకి చెప్తుంటే విన్నాను, "మా అల్లుడు బెల్టు పెట్టుకోందే కారు కదపడండీ" అని. కాస్త గర్వంగానే చెప్పారు :)

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మూడు చోట్ల బిగించే బెల్టుని 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బొహ్లిన్ తయారుచేశాడు. వోల్వో ఆ పేటెంటుని తన దగ్గరే దాచుకోకుండా వేరే కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది. ఎక్కడో స్వీడన్‌లో ఎవరో ఇంజనీరు, మొహం చూడని మన పిల్లల కోసం కూడా పనికొచ్చేలా చేసిపెట్టిన వస్తువు అది. మనం దాన్ని తీసి సీటు సందులో కుక్కి, పైన రెగ్జిన్ కుట్టించుకుంటున్నాం.

ఇది చదవడం అయ్యాక ఒక్క పని చేయండి. కిందకెళ్ళి, కారు తలుపు తీసి, వెనక సీటు సందులో చెయ్యి పెట్టండి. ఆ మూడు బకిల్స్ బయటకి లాగండి. కవరు అడ్డమొస్తే కత్తెర తీసుకుని కోసేయండి. రెగ్జిన్‌కి పడే కోతకి కుట్లు అక్కర్లేదు.

మా మేనల్లుడి కనుబొమ్మ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వాడికి అది పెద్ద గొప్ప, బడిలో ఫైటింగ్‌లో తగిలిందని చెప్తాడట. వాడి దగ్గర నేను మాత్రం ఎప్పుడూ నవ్వలేను.